ఐసుపెట్టెకు అతిథి మర్యాద

ఇలా దగ్గరికి జరగండమ్మా. ఆ గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు రండి. నా గొంతు అంత దూరం రాదు. వచ్చినా మీరు సగం విని, మిగతా సగం సొంతంగా అల్లుకుంటారు. ఇది పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళ కథ. మనకి అర్థం కాదేమోనని బెంగపడకండి. వాళ్ళకీ చాలాకాలం అర్థం కాలేదు.

సముద్రానికి ఇవతల ఒక ల్యాబు, అవతల ఒక ల్యాబు. రెండింటి పనీ ఒకటే. ప్రాణమున్న ప్రతిదాని లోపలా చుట్టలు చుట్టుకుని సన్నటి దారం ఒకటి ఉంటుందట, దాన్ని డీఎన్ఏ అంటారు. ఆ దారాన్ని ఏ ప్రొటీను పట్టుకుంటుంది, ఎక్కడ పట్టుకుంటుంది, ఎప్పుడు వదిలేస్తుంది, పొద్దస్తమానం ఇదే వాళ్ళ గొడవ. వీధిలో ఎవరు ఎవరింటికి వెళ్ళారో కనిపెట్టేవాళ్ళని మనం పనీపాటా లేనివాళ్ళంటాం. అదే పని దారం దగ్గర చేస్తే డాక్టరు పట్టా ఇస్తారు.

ఇవతలి ల్యాబులో ఆ పట్టా కోసం ఏళ్ళ తరబడి పడి ఉన్న పిల్ల పేరు నడిపి. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో మధ్యది కాబట్టి పుట్టింట్లో అలా పిలిచారు, ఆ పిలుపు అత్తవారింటికి కూడా సామానుతో పాటే వచ్చింది. మొగుడికి కళ్ళజోళ్ళ కొట్టుంది. అత్తగారు బస్సుల్లో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. చిల్లర లేదన్నవాడి మొహం చూసి ఏ జేబులో ఉందో చెప్పగలదు. ఇలాంటి ఇంట్లో, కంటికి కనపడని దారం గురించి రోజూ రాత్రి అన్నాల దగ్గర చెప్పి నెగ్గుకొచ్చిందంటే నడిపి సామాన్యురాలు కాదని మీకీపాటికి తెలిసిపోవాలి.

నడిపి ఒక ప్రొటీన్ని పట్టుకుంది. అది ఆ దారాన్ని ఫలానా ముడి దగ్గరే గట్టిగా పట్టుకుంటుందని చూపించింది. ఎలా చూపించిందంటే, వేలెడంత కూడా లేని ట్యూబుల్లో దారాన్నీ ప్రొటీన్నీ కలిపి, ఆ ట్యూబుల్ని థర్మోకోల్ పెట్టెలో ఐసులో గుచ్చి, రాత్రంతా వదిలేసేది. పొద్దున్నే ఆ నీళ్ళని జెల్ అనే వణికే పలకలో పోసి కరెంటు పెట్టేది. ఒంటరిగా ఉన్న దారం గబగబా కిందికి పరిగెడుతుంది. ప్రొటీను పట్టుకుని ఉంటే బరువెక్కి, కదల్లేక పైనే ఆగిపోతుంది. అక్కడొక చార కనపడుతుంది. పై చార ఉంటే పట్టుకున్నట్టు, లేకపోతే లేనట్టు. అంతే సంగతి. నడిపి జెల్‌లో పై చార ఎప్పుడు చేసినా కాటుక గీసినట్టు వచ్చేది.

ఆ ల్యాబుకు పెద్ద ఒకాయన, అందరూ పెద్దసారు అంటారు. ఆయన చుక్కలు కొలిచే పిపెట్ పట్టుకుని చాలా ఏళ్ళయింది, ఇప్పుడు మైకే పట్టుకునేవాడు. నడిపి పని అచ్చయి పత్రికలో వచ్చాక ప్రతి సభలోనూ "నా ప్రొటీను" అనేవాడు. వినేవాళ్ళకి ఆయనకేదో జబ్బు చేసి, రక్తంలో తేలిందేమో అనిపించేది.

ఆ వ్యాసం చూసి అవతలి ల్యాబు పెద్దాయన ముచ్చటపడ్డాడు. మనం స్నేహం చేసుకుందాం అన్నాడు. మామూలు స్నేహం కాదు, అంతర్జాతీయ పరస్పర వైజ్ఞానిక సహకారం. మనమైతే పక్కింటి తలుపు కొట్టి కాసిని చింతపిక్కలో, కత్తిరో అడిగి తెచ్చుకుంటాం. వాళ్ళకి అందుకు ఒప్పందం, సంతకాలు, పూలగుత్తులు, ఫోటోలు కావాలి. పెద్దలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కెమెరా వంక చూశారు. ఆ ఫోటోలో నడిపి లేదు. ఫోటో తీసింది తనే మరి.

ఒప్పందం ప్రకారం నడిపి తన ప్రొటీన్నీ దారాన్నీ పొడి ఐసులో పెట్టి, చేసే విధానం వివరంగా రాసి అవతలికి పంపింది. వాళ్ళు చేశారు. చార రాలేదు. మళ్ళీ చేశారు. రాలేదు. మనుషుల్ని మార్చారు, మిషన్లు మార్చారు, రానే లేదు.

చదువుకున్నవాళ్ళు తిట్టుకునే పద్ధతి చూడండి ఎంత అందంగా ఉంటుందో. అవతలి పెద్దాయన ఈమెయిలు పెట్టాడు: "మీ అపురూపమైన ఫలితం మా ల్యాబులో ఎందుకో సిగ్గుపడుతోంది." పెద్దసారు జవాబిచ్చాడు: "మీవాళ్ళ నైపుణ్యం మీద మాకు అపారమైన గౌరవం. బహుశా చేతులు అలవాటు పడాలేమో." మన వీధికుళాయి దగ్గరైతే ఈపాటికి బిందెలు లేచేవి. అక్కడ "గౌరవాలతో" అని కింద రాసి పంపుకున్నారు.

చివరికి అవతలివాళ్ళు తమ మనిషినే పంపారు, దగ్గరుండి చూసి రమ్మని.

వచ్చింది ఒక పొడుగాటి మనిషి. నెరుస్తున్న జుట్టు, నవ్వే కళ్ళు. మెడలో గడియారం, జేబులో థర్మామీటరు. కుర్చీ ఎత్తు కూడా కొలిచి కూర్చునే రకం. ల్యాబులో పిల్లలు సాయంత్రానికల్లా కొలతలమ్మ అని పేరు పెట్టేశారు. వాళ్ళు ఏ భాషలో మాట్లాడుకున్నారని అడక్కండి, నేను మన భాషలోనే చెప్తాను.

నడిపికి ఆమె మీద కోపం రావాల్సింది, రాలేదు. ఆమె అంత మర్యాదస్తురాలు. తాగిన కప్పు తనే కడిగేది. నడిపి బల్లమీద చెత్త కూడా తీసేసేది. "నేను మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు, నేర్చుకోడానికి వచ్చాను" అంది. తప్పు పట్టడానికి వచ్చినవాళ్ళందరూ అలాగే అంటారని నడిపికి తెలుసు. కానీ ఈమె నిజంగానే అంటోందని కూడా తెలిసింది. అందుకే ఇంకా భయం వేసింది.

ఇద్దరూ పక్కపక్కన నిలబడి ట్యూబులు కలిపారు. ఐసులో గుచ్చారు. పొద్దున్నే జెల్ నడిపారు.

పై చార లేదు.

నడిపి జెల్‌ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎప్పుడూ ఇలా అవలేదండీ" అంది.

"అవుతుంది, అవుతుంది. మళ్ళీ చేద్దాం" అంది కొలతలమ్మ భుజం తట్టి.

మళ్ళీ చేశారు. అటు సముద్రం దాటి సిగ్గుపడ్డ ఫలితం ఇప్పుడు పుట్టింట్లో కూడా మొహం చాటేసింది. తన చేత్తో, తన బల్ల మీద, తన ట్యూబుల్లో, చుట్టం ఎదురుగానే. నడిపి పట్టా, పేరు, ఇన్నేళ్ళ పడిగాపులు అన్నీ ఆ ఒక్క చార మీద నిలబడి ఉన్నాయి. అది రాకపోతే వ్యాసం వెనక్కి తీసుకోవాలి. తీసుకున్నాక ఆ పిల్ల మొహం మీద అబద్ధాలకోరు అని అచ్చు గుద్దినట్టే. ఆ లోకంలో ఇంకెవరూ గడప తొక్కనివ్వరు.

ఇక పెద్దసారు సంగతి వినండి. అంతవరకు "నా ప్రొటీను" అన్నాయన, రెండో జెల్ చూడగానే "ఆ అమ్మాయి ప్రొటీను" అన్నాడు. అంత వేగంగా తల్లి కూడా బిడ్డని పక్కవాళ్ళ ఒళ్ళో వెయ్యదు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని అవతలి పెద్దాయనకి రాసేశాడు: "ఈ ప్రయోగానికి సంబంధించిన ఆలోచన, పని, ఫలితం పూర్తిగా ఆ అమ్మాయివే. నేను అప్పుడప్పుడు ప్రోత్సహించడం తప్ప చేసిందేమీ లేదు." నిజం చెప్పడానికి ఆయనకి అంతకన్నా మంచి సందర్భం దొరకలేదు.

ఆ రాత్రి నడిపి అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఏమైందే, ఆ దారం తెగిందా?" అంది అత్తగారు.

"తెగలేదు అత్తయ్యా. ప్రొటీను పట్టుకోవట్లేదు."

"ఇన్నాళ్ళూ పట్టుకుంది, చుట్టం రాగానే మానేసిందా? పిల్లలూ అంతే. నలుగురిలో పద్యం చెప్పమంటే నోరు విప్పరు."

మొగుడు నవ్వబోయి, పెళ్ళాం మొహం చూసి దగ్గుగా మార్చాడు. "పోనీ నువ్వేమన్నా మార్చి చేశావేమో?"

"రోజూ చేసినట్టే చేశానండీ. ఒక్క చుక్క తేడా లేదు."

"నువ్వు అబద్ధం ఆడావా?" అంది అత్తగారు సూటిగా.

"అత్తయ్యా!"

"అడగాలి కదా. బస్సులో అందరినీ అడిగేదాన్ని. ఆడలేదుగా? అయితే తిను. ఆడనివాళ్ళు ఆకలితో పడుకోకూడదు."

మర్నాడు పొద్దున్న మూడోసారి పెట్టిన ట్యూబులు తీయడానికి నడిపి ఒక్కతే ల్యాబుకు ముందుగా వచ్చింది. అంతకుముందు రెండుసార్లూ కొలతలమ్మే ముందొచ్చి తీసిపెట్టింది. పెట్టెలో చెయ్యి పెట్టి, వేళ్ళతో తవ్వి, ట్యూబుల్ని పైకి లాగింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. అలవాటు ప్రకారం ట్యూబుల్ని తెల్లకోటు అంచుకి తుడిచింది. తుడిచి చూసుకుంది. కోటు పొడిగా ఉంది.

మళ్ళీ తుడిచింది. పొడిగానే ఉంది.

ఏళ్ళ తరబడి ప్రతి పొద్దున్నా ఆ కోటు ముందుభాగం తడిసేది. ఎందుకు తడిసేదంటే, పొద్దున్నకి ఆ పెట్టెలో ఐసు ఎప్పుడూ ఉండేది కాదు. ఉత్త నీళ్ళుండేవి. ట్యూబులు పైకి తేలి, పెళ్ళి భోజనాలయ్యాక మిగిలిన గ్లాసుల్లా అటూ ఇటూ ఊగుతుండేవి. పెట్టె మూత విరిగి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ఐసు తయారయ్యే గది కింది అంతస్తులో ఉంది, దానికి తాళం ఉంది. ఆ తాళం చెవిని స్టోరు గుమాస్తా సాయంత్రం కాగానే నడుముకి కట్టుకుని ఇంటికెళ్ళిపోయేవాడు. ఒక్కరోజు ఉంచి వెళ్ళండన్నా అని నడిపి అడిగినప్పుడల్లా, "రూల్ లేదమ్మా" అనేవాడు.

అంటే ఆ ట్యూబులు కాసేపు ఐసులో, కాసేపు చల్లనీళ్ళలో, తెల్లారేసరికి గది వేడిలో ఉండేవి. నెమ్మదిగా, మెల్లిమెల్లిగా వెచ్చబడేవి. రాసింది మాత్రం "రాత్రంతా ఐసులో". రోజూ నీళ్ళలో చెయ్యిపెట్టి ఐసు అని రాశారన్నమాట. ఒకరు కాదు, ల్యాబులో ఉన్నవాళ్ళందరూ. నీళ్ళు కనపడకా? కనపడ్డాయి. చదువుకున్నవాళ్ళకి కళ్ళ ముందున్నది కనపడ్డా, కాగితం మీదున్నదే కనపడినట్టు లెక్క.

కొలతలమ్మ లోపలికి వచ్చింది.

"పెట్టెలో ఐసు ఎవరు నింపారండీ?" అంది నడిపి.

"నేనే!" అంది ఆమె వెలిగిపోతూ. "పాపం మీ పెట్టెకి మూత కూడా లేదు కదా. నేను తెచ్చుకున్న పెట్టె మూత రాత్రిళ్ళు దీనికి పెట్టి, పొద్దున్నే తీస్తున్నాను. పడుకోబోయే ముందు ఒకసారి, లేచాక ఒకసారి దిగివచ్చి పైదాకా నింపుతున్నాను. నేను పైన గెస్టు రూములోనే కదా ఉంటా. అయ్యో, థాంక్స్ అక్కర్లేదు."

"తాళం?"

"ఆ పెద్దమనిషి తాళం చెవి మొదటిరోజే ఇచ్చేశారు. అడగ్గానే ఇచ్చారు. మీ దగ్గర ఎంత మర్యాదండీ!"

నడిపి స్టూలు మీద కూలబడింది. ఏళ్ళుగా తను బతిమాలినా రాని తాళం చెవి అతిథికి అడగ్గానే వచ్చింది. ఆ మర్యాదే తన కొంప ముంచింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కలిపి చేసింది. కొలతలమ్మ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది, అలవాటుగా అందులోనూ ఐసు వేసి.

ఆ రోజు రెండు పెట్టెలు పెట్టారు. ఒకదానికి మూతా ముస్తాబూ చేసి, వేళకి ఐసు నింపారు. రెండోదాన్ని దాని ఖర్మకి వదిలేశారు. కొలతలమ్మ దాంట్లో థర్మామీటరు గుచ్చి, గంట గంటకీ వచ్చి చూసుకుంది, చెయ్యి మాత్రం పెట్టలేదు. పెట్టకుండా ఉండడానికి ఎంత అవస్థ పడిందో ఆ దేవుడికే తెలియాలి. పొద్దున్న జెల్ తీసి చూస్తే, మర్యాద జరిగిన పెట్టెలో ఏమీ లేదు. గాలికి వదిలేసిన పెట్టెలో పై చార, కాటుక గీసినట్టు.

"ఇది నెమ్మదిగా వెచ్చబడితేనే పట్టుకుంటుందన్నమాట!" అంది కొలతలమ్మ నేలమీద చతికిలబడి. "మా ల్యాబులో ఐసు కరగదు. కరిగితే గంట మోగుతుంది. గంట మోగితే మనిషి పరిగెత్తుతాడు. మేము జన్మలో చూసేవాళ్ళం కాదు."

జెల్ పట్టుకుని నడిపి పెద్దసారు గదికి పరిగెత్తింది. ఆయన విన్నాడు, చూశాడు, లేచి తలుపు దగ్గరికేశాడు.

"అమ్మాయ్, ఈ సంగతి ఎవరికన్నా చెప్పావా?"

"వచ్చినావిడకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు సార్."

"మంచిపని చేశావు. మన దగ్గర ఐసు కూడా తెల్లారేదాకా నిలవదని ప్రపంచానికి చాటింపు వేస్తామా? పరువేం కావాలి? అయినా ఇందులో కొత్తేముంది, నేను చదువుకునే రోజుల్లోనూ పొద్దున్నకి నీళ్ళే ఉండేవి."

"మరి మీరూ ఐసులో అనే రాశారుగా సార్?"

పెద్దసారు నీళ్ళు నమిలాడు. "అందరూ అలాగే రాస్తారు."

మధ్యాహ్నం అవతలి పెద్దాయనతో తెరమీద మాటామంతీ. ఇటు పెద్దసారు, కొలతలమ్మ, చివర కుర్చీలో నడిపి. పెద్దసారు గొంతు సవరించుకుని, తాము చాలాకాలంగా ఒక సున్నితమైన ప్రత్యేక ఉష్ణోగ్రతా విధానాన్ని వాడుతున్నామనీ, పొరపాటున వ్యాసంలో ఆ వివరం జారిపోయిందనీ, పత్రికలో దిద్దుబాటు వేయిస్తే సరిపోతుందనీ చెప్పాడు. ప్రొటీను మళ్ళీ "మా ప్రొటీను" అయింది. అవతలి పెద్దాయన తల పంకించాడు. ఆయనకీ అది నచ్చింది. తమ ల్యాబులో రాలేదంటే అవమానం, రహస్యవిధానం తెలియక రాలేదంటే గౌరవం. ఆ విధానానికి తమ పెద్దలిద్దరి పేర్లూ కలిపి ఒక మంచి పేరు పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. దివ్యంగా ఉంటుందన్నాడు పెద్దసారు. ఒప్పందం మీద సంతకాలు పెట్టిన నాటినుంచీ రెండు ల్యాబులూ మనసారా సహకరించుకున్నది అదే మొదలు.

"ఐసు కరిగిందని రాయండి" అంది నడిపి.

అవతలి పెద్దాయన తెరకి దగ్గరగా జరిగాడు.

"అమ్మాయ్, సైన్సులో అలా రాయరు" అన్నాడు పెద్దసారు పళ్ళ సందునుంచి.

"జరిగింది అదే కదా సార్. మూతలేని పెట్టె, పైదాకా ఐసు, మళ్ళీ నింపలేదు, పొద్దున్నకి నీళ్ళయింది. అంతే. మీరు చెప్పిన పేరు పెడితే రేపు ఇంకో ల్యాబువాళ్ళకి ఏం చెయ్యాలో తెలియదు. వాళ్ళకీ రాదు. అప్పుడు మళ్ళీ నన్నే అబద్ధాలకోరు అంటారు. దిద్దుబాటు మీద నా సంతకం కూడా కావాలిగా? నేను పెట్టను."

"నువ్వు పెట్టకపోతే..." అని పెద్దసారు అంటుండగానే అవతలి పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయనేం ధర్మరాజు కాదు. కానీ ఇవతలివాడిని ఒక్కసారన్నా గిల్లే అవకాశం కోసం ఎన్నాళ్ళనించో చూస్తున్నాడు.

"మిత్రమా, ఆలోచన, పని, ఫలితం పూర్తిగా ఆ అమ్మాయివే అని మొన్న మీరే రాశారు కదా? మీ మాట మీద నాకు అపారమైన గౌరవం. అందుకని ఆవిడ ఎలా రాయమంటే అలాగే రాయాలి."

పెద్దసారు మొహంలో రంగులు మారాయి. కొలతలమ్మ కిటికీవైపు తిరిగి భుజాలు ఊపుకుంటూ నవ్వింది. అన్న మాట మింగలేక, కక్కలేక ఆయన చివరికి, "నా ఉద్దేశమూ అదే" అన్నాడు.

దిద్దుబాటు అచ్చయింది. అందులో ఆ వాక్యం అలాగే ఉంది: పెట్టెకు మూత లేదు, ఐసు మళ్ళీ నింపలేదు, తెల్లవారేసరికి కరిగి నీరైంది. ఆ పత్రికలో అంత తేలిగ్గా అర్థమయ్యే మాట అదివరకు పడి ఉండదు. ఏవేవో దేశాలవాళ్ళు చేశారు, చార వచ్చింది. నడిపికి పట్టా కూడా వచ్చింది.

రానిది ఒక్క అవతలి ల్యాబువాళ్ళకే. ఎందుకంటే వాళ్ళ పెట్టెలు మరీ మంచివి. మూత తీసేసినా కరగదు. కరిగించే మిషను ఒకటి తెప్పిస్తే దానికి మళ్ళీ గంట ఉంది. చివరికి ఒప్పందంలో రెండో భాగం కింద నడిపినే పిలిపించుకున్నారు. నిపుణురాలట. ఏమిటయ్యా ఆ నైపుణ్యం అంటే, ఐసుని ముట్టుకోకుండా ఉండడం.

నడిపి వెళ్ళింది. చవక థర్మోకోల్ పెట్టె ఒకటి వెతికించి, ట్యూబులు గుచ్చి, పక్కన స్టూలేసుకుని కూర్చుంది. అక్కడ అందరూ మంచివాళ్ళే, అదే చిక్కు. దారినపోయే ప్రతివాడూ పెట్టెలోకి తొంగిచూసి, "అయ్యో, కరిగిపోతోంది!" అని గరిటెడు ఐసుతో పరిగెత్తుకొచ్చేవాడు. "వద్దండీ, బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది, వెళ్ళిరండి" అని నవ్వుతూ ఒక్కొక్కరినీ సాగనంపింది. సాయంత్రం కాపలాకి కొలతలమ్మ కూర్చుంది, తన చేతులు తనే వెనక్కి కట్టుకుని. మర్నాడు పొద్దున్న జెల్ వెలుతురులో పెట్టేసరికి అవతలి పెద్దాయన వచ్చి వెనక నిలబడ్డాడు. పైన చార ఉంది. ఆయన చాలాసేపు చూసి, "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతేనండీ" అంది నడిపి, తడి చేతులు కోటుకి తుడుచుకుంటూ.

గుర్తుపెట్టుకోండి తల్లీ. రేపు మీ పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు ఎవరో ఒకరు మధ్యలో దూరి, సున్నితమైన ఉష్ణోగ్రత, ప్రత్యేక విధానం అని మొదలుపెడతారు. వాళ్ళని ఆపండి. ఐసు కరిగింది అని చెప్పండి. ఆ ఒక్క ముక్క అచ్చులో పడడానికి ఒక ఆడపిల్ల ఎంతమంది పెద్దల ఎదుట నోరు విప్పాల్సి వచ్చిందో, అది కూడా చెప్పండి.